సైలెంట్ వ్యాలీలో కోతి కనబడలేదేం?

ప్రశ్న: ఈమధ్య కేరళలోని సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కు చూసొచ్చాం. ముక్కాలి నుంచి సైరంధ్రి దాకా జీపులో 23 కిలోమీటర్లు ఒళ్లు హూనం చేసుకుని వెళ్తే, ఆ సింహపు తోక కోతి ఒక్కటీ కనబడలేదు. ఇంకో డౌటు. పార్కు 89 చదరపు కిలోమీటర్లేనట, చుట్టూ బఫర్ జోన్ (పార్కుకి రక్షణగా ఉంచే అడవి) మాత్రం 148! అసలు కన్నా కొసరు ఎక్కువ ఎందుకండీ?

జవాబు: ముందు కోతి సంగతి. అది చాలావరకు చెట్ల మీదే బతుకుతుంది, నేలకి దిగడం తక్కువ. దానికి బాగా ఇష్టమైన తిండి కలేనియా చెట్టుది. ఒళ్లంతా ముళ్లతో ఉండే కాయలు కొమ్మలనే అంటిపెట్టుకుని కాస్తాయి, వాటిని చీల్చి గింజలు తింటుంది. కాబట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే లాభం లేదు, పైన ఆకులు కదిలేచోట చూడాలి. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు కనబడితే అదే.

ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి కొమ్మల మీదుగానే వెళ్లే జంతువుకి అడవి మధ్యలో తెగితే దారి మూసుకుపోయినట్టే. బఫర్ ఎందుకో అక్కడే అర్థమవుతుంది. మీరు వెళ్లిన సైరంధ్రి దగ్గరే (అవును, విరాటుడి కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే, పక్కన పారే నది కుంతిపుళ) కరెంటు కోసం డ్యామ్ కట్టాలనుకున్నారు. 1973లో ప్లానింగ్ కమిషన్ ఒప్పుకుంది కూడా. సైన్సుని జనంలోకి తీసుకెళ్లే సంస్థ కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవులు, టీచర్లు ఏళ్ల తరబడి గొడవ చేస్తే ఆ ప్లాన్ ఆగి, 1984లో పార్కు వచ్చింది, 1985లో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. కథ కంచికి అనుకున్నారు, కానీ 2000 దాటాక అదే నది మీద, కాస్త దిగువన, పార్కు హద్దుకి సరిగ్గా బయట పాత్రక్కడవు ప్రాజెక్టు అంటూ మళ్లీ మొదలైంది. హద్దు గీతకి ఇవతల కడితే తప్పేముందన్నది ప్రాజెక్టు వాళ్ల లెక్క, నదికి ఆ గీత తెలీదు కదా! బయటి అడవుల్లో వేట, గంజాయి సాగు బెడద వేరే ఉండేది. అందుకే 2007లో ఆ 148 చదరపు కిలోమీటర్లు బఫర్ అయ్యాయి.

ఉత్తరాన తమిళనాడు వైపు ముకుర్తి నేషనల్ పార్కు ఆనుకునే ఉంది, అది గడ్డికొండలు, నీలగిరి తార్‌లు (కొండమేకల్లాంటి జంతువులు) తిరిగే చోటు. ఈ రెండూ 1986లో ఏర్పడిన నీలగిరి బయోస్ఫియర్ రిజర్వులో (ప్రకృతిని కాపాడేందుకు గుర్తించిన పెద్ద ప్రాంతం) భాగమే.

మళ్లీ వెళ్తే పొద్దున్నే మొదటి జీపు ఎక్కండి. వానాకాలమైతే జలగలకి సిద్ధపడి వెళ్లండి, అవి మాత్రం వెతక్కుండానే దొరుకుతాయి.