‘ఆ తర్వాత ఏమైంది?’ అని రాసిన నవలలు చదవొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’, జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చదివారు, ఆ మనుషుల్ని వదిలి రాలేకపోతున్నారు. వాటికి ఇప్పటి రచయితలు రాసిన సీక్వెల్స్, రీటెల్లింగ్స్ బోలెడున్నాయని విన్నారు. అవి చదివితే అసలు పుస్తకం మీదున్న ఇష్టం పాడవుతుందేమోనని భయం.

పాడవచ్చు. నాకు ఒకసారి పాడైంది. అయినా చదవమనే అంటాను, కాకపోతే ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారో చూసుకోండి. (కింద కొన్ని కథల మలుపులు బయటపడతాయి, ముందే చెప్తున్నా.)

నాకు తగిలిన మొదటి దెబ్బ ‘స్కార్లెట్’. డిగ్రీ చదివే రోజుల్లో ‘గాన్ విత్ ద విండ్’ పట్టుకుని వారం రోజులు వదల్లేదు. చివర్లో రెట్ బట్లర్ భార్య స్కార్లెట్‌ని వదిలి వెళ్ళిపోతాడు, ఆమె రేపటి సంగతి రేపు చూసుకుందాం అనుకుంటుంది, అంతే, పుస్తకం అయిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. అతను తిరిగొస్తాడా రాడా? 1936లో ఆ నవల వచ్చిన దగ్గర్నుంచీ మార్గరెట్ మిచెల్‌ని పాఠకులు అడిగింది ఇదే. ఆమె సీక్వెల్ రాయనని తేల్చి చెప్పింది. 1949లో కారు గుద్ది చనిపోయింది. తర్వాత నలభై ఏళ్ళకి వారసుల అనుమతితో అలెగ్జాండ్రా రిప్లీ రాసిన సీక్వెల్ ‘స్కార్లెట్’ 1991లో వచ్చి లక్షల కాపీలు అమ్ముడుపోయింది. అందులో ఒకటి మా స్నేహితురాలి ఇంట్లో కనపడగానే లాక్కొచ్చేశాను.

ఎనిమిది వందల పైచిలుకు పేజీలు. స్కార్లెట్ ఐర్లండ్ వెళ్తుంది, చాలా చూస్తుంది, మెల్లగా మంచి మనిషి అవుతుంది. చివరికి నేను కోరుకున్నదే జరిగింది, ఇద్దరూ కలిశారు. నాకేమీ అనిపించలేదు. పైగా తర్వాత పాత నవల మళ్ళీ తెరిస్తే, ఆ ఆఖరి పేజీ దగ్గర ‘ఆఁ, ఎలాగూ కలుస్తారులే’ అని వెనక నుంచి ఎవరో అంటున్నట్టు ఉండేది. ఆ గొంతు పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎందుకలా అయిందో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు నా లెక్క ఇది. ప్రేమకథని నడిపించేది ప్రేమ కాదు, దానికి అడ్డొచ్చేది. గర్వమో, డబ్బో, అటక మీద దాచిన భార్యో. అడ్డు తొలగగానే కథ ఆగుతుంది. సీక్వెల్ రాసేవాళ్ళు ఆ జంటని మళ్ళీ విడదీయాలి, లేదా బయటినుంచి ఏదో ఆపద తేవాలి. డిటెక్టివ్ నవలల్లో చేయి తిరిగిన పి.డి. జేమ్స్ రెండో దారి పట్టింది. 91 ఏళ్ళ వయసులో, 2011లో ఆమె తెచ్చిన ‘డెత్ కమ్స్ టు పెంబర్లీ’లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ జంట ఎలిజబెత్, డార్సీల పెళ్ళయి ఆరేళ్ళు. బాల్ (డాన్సుల విందు) ముందురోజు రాత్రి బండిలోంచి ఎలిజబెత్ చెల్లెలు లిడియా కేకలు పెడుతూ దిగుతుంది, అడవిలో శవం దొరుకుతుంది. చదివినంతసేపూ బాగానే ఉంది, వాక్యం ఎక్కడా తూలదు. కానీ ఎలిజబెత్ ఏదీ? ఆమె నాలుక పదునంతా అవతల డార్సీతో పోట్లాట ఉన్నప్పటిది. కాపురం సజావుగా సాగుతుంటే పాపం ఆమెకి చెయ్యడానికి పని లేదు.

ఈ విషయం జేన్ ఆస్టిన్‌కి అందరికంటే బాగా తెలుసేమో. ‘తర్వాత ఏమైంది’ అని ఇంట్లోవాళ్ళు అడిగితే ఆమె చెప్పేదట. మేనల్లుడు 1870లో వేసిన జ్ఞాపకాల పుస్తకంలో ఆ సంగతి ఉంది. ఎలిజబెత్ చెల్లెలు కిటీకి డార్సీ ఎస్టేటు పెంబర్లీ దగ్గర్లోని ఒక పాస్టరుతో పెళ్ళయింది, మేరీకి మాత్రం ఫిలిప్స్ మావయ్య ఆఫీసు గుమాస్తాతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతే, తలా ఒక వాక్యం. చెల్లెళ్ళ గురించి చెప్పింది చూడండి, ఎలిజబెత్ కాపురం గురించి కాదు.

ఇక రెండో రకం. అసలు నవల ఆగిన చోట మొదలుపెట్టకుండా, అది చూడకుండా దాటేసిన మనిషి దగ్గర మొదలయ్యేవి. నాకు ఈ రకాన్ని పరిచయం చేసింది జీన్ రైస్ ‘వైడ్ సర్గాసో సీ’.

నిజం చెప్పాలంటే మొదటిసారి సగంలో వదిలేశాను. ‘జేన్ ఎయిర్’కి ముందు కథ అన్నారు కదా, జేన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఆమె దాదాపు రానే రాదు. నాలుగేళ్ళ తర్వాత జ్వరంతో పడుకున్నప్పుడు చేతికందితే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరి కోసమూ ఎదురుచూడలేదు కాబట్టి ఎదురుగా ఉన్న అమ్మాయి కనిపించింది.

‘జేన్ ఎయిర్’లో జేన్ ప్రేమించిన రోచెస్టర్ మొదటి భార్య బెర్తా నోట నేరుగా ఒక్క మాట కూడా మనకి వినపడదు, గుర్తుందా? నవ్వు వినిపిస్తుంది, అరుపు వినిపిస్తుంది. ఆమె ఎవరో, పెళ్ళి ఎలా జరిగిందో అంతా రోచెస్టర్ చెప్పిందే. జమైకా పిల్ల, ముప్పై వేల పౌన్ల కట్నం, వంశంలోనే పిచ్చి. జీన్ రైస్ స్వయంగా కరీబియన్ దీవి డొమినికాలో పుట్టిన తెల్ల క్రియోల్, అంటే ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన తెల్లవాళ్ళ పిల్ల. తన ఊళ్ళ మనిషి గురించి ఇంకెవరో చెప్పింది ఎందుకు నమ్మాలి అన్నది ఆమె పట్టు. అంతకుముందు నవల వచ్చాక ఇరవయ్యేడేళ్ళు మరో నవల లేకుండా ఉండి, 1966లో, డెబ్భయ్యారేళ్ళ వయసులో దీన్ని ఇచ్చింది. ఇందులో ఆ పిల్ల పేరు ఆంత్వానెట్. బానిసత్వం రద్దయ్యాక చితికిపోయిన తోట, ఊరంతా ద్వేషించే ఇల్లు, చూస్తుండగా తగలబడ్డ కొంప. కట్నం కోసం వచ్చిన ఇంగ్లీషువాడు ఆమెకి బెర్తా అని వేరే పేరు పెడతాడు. అతని పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా రాదు! ఆమె పేరు అతను లాక్కున్నాడు, అతని పేరు రచయిత్రి లాక్కుంది. అది గమనించినప్పుడు జ్వరంలోనే లేచి కూర్చున్నాను.

దీంతో ‘జేన్ ఎయిర్’ మీద ఇష్టం పోయిందా అంటే, పోలేదు. రోచెస్టర్ మీద పోయింది. జేన్ మీద పెరిగింది, ఆమెకి ఏం తెలియదో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి. రోచెస్టర్‌ని వెనకేసుకొచ్చే ఒక స్నేహితురాలితో ఈ విషయమై రెండు గంటలు ఫోన్లో పోట్లాడాను. ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

తిరగరాయడం మనకేం కొత్త కాదు. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖని కలుసుకుంటుంది. ఆ కథ చదివినవాళ్ళెవరూ వాల్మీకికి సీక్వెల్ చదివామనుకోరు. జీన్ రైస్‌ని కూడా అలాగే చదవాలి.

జో బేకర్ ‘లాంగ్‌బోర్న్’ (2013) గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీకు నచ్చేది ఇదేనని నా అంచనా. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్ పొలాలకి అడ్డంపడి నడిచి అక్కని చూడ్డానికి వెళ్తుంది. లంగా అంచుకి ఆరంగుళాల బురద. బింగ్లీ అక్కచెల్లెళ్ళు మూతి ముడుస్తారు, మనం ఎలిజబెత్ తరఫున చప్పట్లు కొడతాం. ఆ బురద ఎవరు ఉతికారు? బేకర్ నవల అక్కడ మొదలవుతుంది, చాకిరేవు రోజున, తెల్లవారకముందే, చలికి పగిలి ఒరుసుకుపోయిన చేతులతో. సారా అనే పనిపిల్లది ఆ చెయ్యి.

ఇంకొకటి. అసలు నవలలో నెదర్‌ఫీల్డ్ బాల్‌కి ముందు నాలుగైదు రోజులు వాన. అమ్మాయిలెవరూ బయటికి కదల్లేకపోయారు, బూట్లకి కట్టుకునే రిబ్బన్ పువ్వులు కూడా వేరేవాళ్ళ చేత తెప్పించుకోవాల్సి వచ్చిందని ఆస్టిన్ ఒక ముక్క రాసి ముందుకెళ్ళిపోతుంది. ఆ నవల నేను కనీసం ఐదుసార్లు చదివాను, ఒక్కసారీ ఆ ముక్క దగ్గర ఆగలేదు. తెప్పించుకున్నారంటే తెచ్చిన మనిషి ఉండాలి కదా, ఆ మనిషి ఆ వానలో నడిచి ఉండాలి కదా? బేకర్ సారాని ఆ వానలోకి పంపుతుంది.

అక్కడ ఒక పొరపాటు చేశాను. అసలు నవల చదవని మా కజిన్‌కి ‘లాంగ్‌బోర్న్’ ముందు ఇచ్చాను. తనకి తెగ నచ్చింది. తర్వాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఇస్తే యాభై పేజీలకి తిరిగిచ్చేసింది. “వీళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం తప్ప ఏం చెయ్యరా, టీ ఎవరు పెడుతున్నారు?” అంది. నవ్వాను గానీ బాధేసింది. అందుకే ఎవరైనా అడిగితే అసలు పుస్తకమే ముందు అంటాను.

పక్క పాత్ర గొంతు ఇచ్చినంత మాత్రాన మంచి పుస్తకం అయిపోదు, అదీ నిజమే. కానీ ఆ గొంతుకి ఎంత బలం ఉంటుందో ‘ద విండ్ డన్ గాన్’ విషయంలో కోర్టుకే తెలిసొచ్చింది. 2001లో ఆలిస్ రాండల్ ‘గాన్ విత్ ద విండ్’ లోకాన్ని స్కార్లెట్ తండ్రికీ బానిస మామీకీ పుట్టిన కూతురి నోట చెప్పించింది. మిచెల్ వారసులు దావా వేసి, పుస్తకం అమ్మకుండా కింది కోర్టులో ఆర్డరు తెచ్చుకున్నారు. అప్పీలు కోర్టు అదే ఏడాది ఆ ఆర్డరు కొట్టేసింది, తర్వాత రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. నవలగా నాకు అంత గొప్పగా అనిపించలేదు, డైరీ రూపం వల్ల కథ తెగితెగి నడుస్తుంది. అయినా మనిషి అమ్మకానికి ఉన్న తోటలో నేను ఇన్నాళ్ళూ ఎవరి ప్రేమ ఫలించాలని కోరుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ పని ఎనిమిది వందల పేజీల ‘స్కార్లెట్’ వల్ల కాలేదు.

మూడో రకం, పాత కథని ఈ కాలానికి తేవడం. ఇక్కడ చిక్కంతా అడ్డు దగ్గరే వస్తుంది. 1813లో లిడియా విక్‌హామ్ అనేవాడితో లేచిపోతే మిగతా నలుగురికీ సంబంధాలు రావు. అందుకే డార్సీ డబ్బు పోసి ఆ పెళ్ళి చేయించడం అంత పెద్ద ఉపకారం. ఇవాళ అమెరికాలోని సిన్సినాటిలో చెల్లెలు ఎవరితోనో వెళ్ళిపోతే అక్క ఉద్యోగం పోతుందా? కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్ ‘ఎలిజిబుల్’ (2016) అక్కడే జరుగుతుంది. డార్సీ న్యూరోసర్జన్, లిజ్ పత్రికల్లో రాస్తుంది, వయసు నలభైకి దగ్గర. సంభాషణలు సరదాగా ఉంటాయి, కానీ ఎవరికీ కొంప మునిగేదేం లేదు. టెన్షన్ లేని ప్రేమకథ ఎంతసేపు చదువుతాం?

హెలెన్ ఫీల్డింగ్ తెలివైనది. ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ (1996)లో మార్క్ డార్సీని పేరుతో సహా ఎత్తుకొచ్చింది గానీ, బయటి అడ్డుల జోలికి పోలేదు. తన గురించి తనకున్న చులకనే బ్రిడ్జెట్‌కి అడ్డు. అది ఏ కాలంలోనూ పాతబడదు. సినిమాల్లో అయితే ఆస్టిన్ ‘ఎమ్మా’ని బెవర్లీ హిల్స్ హైస్కూల్లో పెట్టిన ‘క్లూలెస్’ (1995) నా దృష్టిలో అన్నిటికంటే ముందుంటుంది. పెద్దింటి పిల్ల తెలియనితనంతో అందరి జీవితాలూ సర్దబోవడానికి హైస్కూలుకి మించిన చోటేముంది! మన ‘ప్రియురాలు పిలిచింది’ తమిళ మాతృకకి (2000) మూలం ఆస్టిన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అని చాలామందికి తెలియదు. వీలునామాతో ఇల్లు పోగొట్టుకున్న అక్కచెల్లెళ్ళ కథ అది. అక్కడ అడ్డు ఇంకా బతికే ఉంది కాబట్టి ఇంగ్లండు వాసనే రాలేదు.

ఇంత తీర్పులిచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగోక నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజుల్లో నేను చదివినవన్నీ పైన తిట్టిన రకం సీక్వెల్సే. ఎలిజబెత్‌కి పిల్లలు పుట్టారు, వాళ్ళక్క జేన్ చూడ్డానికొచ్చింది, అందరూ కలిసి తోటలో నడిచారు. ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే అప్పుడు నాకు కావాల్సింది. వాటిలో ఒక్కదాని పేరూ గుర్తులేదు, అవి లేకపోతే ఆ నెలలు ఎలా గడిచేవో కూడా తెలియదు. మీకు అలాంటి రోజులైతే నా మాటలన్నీ పక్కన పడేసి దొరికింది చదవండి.

లేదంటే, ‘జేన్ ఎయిర్’ ఇంకా మనసులో వేడిగా ఉంది కాబట్టి ‘వైడ్ సర్గాసో సీ’తో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం. రెండో భాగంలో భర్త గొంతు మొదలవగానే చిరాకేస్తుంది, అక్కడ ఆపకండి, నేను ఆపింది అక్కడే. అది పూర్తయ్యాక ‘జేన్ ఎయిర్’ 26వ అధ్యాయం ఒక్కటి మళ్ళీ తెరవండి. పెళ్ళి ఆగిపోయాక రోచెస్టర్ అందర్నీ పైగదికి తీసుకెళ్ళి, పెళ్ళిబట్టల్లో ఉన్న జేన్‌నీ, తాళ్ళతో కుర్చీకి కట్టిన భార్యనీ చూపించి, పోల్చి చూసుకోమంటాడు. పెళ్ళి చేయించబోయిన ఫాదరూ, దాన్ని ఆపిన లాయరూ చూస్తారు. నేను కూడా మొదటిసారి వాళ్ళతోపాటే నిలబడి జేన్ వైపే చూశాను. ఈసారి మీరు కుర్చీ వైపు చూడండి.