టెక్ సందేహాలు: పాత స్పోర్ట్స్ కారులో మొరాయించే పవర్ విండో స్విచ్

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను. వారాంతాల్లో నడుపుకోవడానికి 1994 మోడల్ మజ్దా ఎంఎక్స్-5 మియాటా కొనుక్కున్నాను. డ్రైవర్ వైపు అద్దం కిందికి బాగానే దిగుతోంది. పైకి ఎక్కించాలంటే మాత్రం స్విచ్‌ను గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతోంది. పక్క సీటు వైపు అద్దం నెమ్మదిగానైనా కిందికీ పైకీ కదులుతోంది. ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తోంది. మెకానిక్ మోటారు మార్చాలంటున్నారు, స్నేహితులు స్విచ్ మార్చమంటున్నారు. దేంతో మొదలుపెట్టమంటారు?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే తప్పు స్విచ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఒక్క స్విచ్ మార్చి ఊరుకుంటే కొత్తది కూడా త్వరగానే పాడవుతుంది. స్విచ్‌ను పాడుచేస్తున్న కారణం వేరేచోట ఉన్నట్టు పక్క సీటు అద్దం నెమ్మదితనం చెబుతోంది.

ఇప్పటి కార్లలో మీరు నొక్కే మీట ఒక చిన్న సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. మోటారుకు కరెంటు ఇచ్చే పని తలుపులోని కంప్యూటర్ మాడ్యూల్ చూసుకుంటుంది. 1990ల నాటి మీ కారులో అటువంటి ఏర్పాటు లేదు. మోటారు తీసుకునే కరెంటు మొత్తం గేర్ లివర్ వెనుక కన్సోల్‌లో ఉన్న ఆ చిన్న స్విచ్ గుండానే వెళ్లి, ఆ స్విచ్ గుండానే తిరిగి వస్తుంది. మోటారుకు ఉన్నవి రెండే వైర్లు. మీట వదిలేసి ఉన్నప్పుడు ఆ రెండూ స్విచ్ లోపల ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్‌తో కలిసిన కారు బాడీ లోహానికి, కలిసి ఉంటాయి. పైకి నొక్కితే వాటిలో ఒకటి ఎర్త్‌ను వదిలి 12 వోల్టుల వైపు మారుతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉండిపోయి కరెంటు తిరిగి వెళ్లే దారి అవుతుంది. కిందికి నొక్కితే ఈ అమరిక తిరగబడి మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది. నొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న మెరుపు పుట్టి ఆ లోహపు ముఖాల మీద కొద్దికొద్దిగా మసి పేరుకుంటుంది. ముప్పై ఏళ్లు పనిచేసిన స్విచ్‌లో ఆ మసి ఎంత మందాన ఉంటుందో మీరే ఊహించవచ్చు.

ఆ మసి వల్ల కాంటాక్టు దగ్గర 0.3 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనీ, మోటారు 8 ఆంపియర్లు లాగుతోందనీ అనుకుందాం. అక్కడికక్కడే 2.4 వోల్టులు పోతాయి. అంతకంటే ముఖ్యంగా, గోరంత కాంటాక్టు దగ్గర దాదాపు 19 వాట్ల వేడి పుడుతుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడేది, కాంటాక్టు బిగువు తగ్గేది ఈ వేడికే. మీట గట్టిగా అదిమితే అద్దం కదులుతోందంటే మీ వేలి ఒత్తిడి ఆ బిగువు లోటును తాత్కాలికంగా పూడుస్తోందన్నమాట. నేను స్విచ్‌నే మొదట అనుమానించడానికి కారణం కూడా ఇదే.

మరి మీటర్ 12 వోల్టులు ఎలా చూపించింది? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడి బాగున్న మోటార్లు మార్చేస్తుంటారు. మల్టీమీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. కరెంటు ప్రవహించనప్పుడు మసి పట్టిన కాంటాక్టు గుండా కూడా పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. పైపులో చెత్త అడ్డుపడినా నల్లా కట్టేసి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి పూర్తిగా ఉన్నట్టే ఇది కూడా. కాబట్టి కనెక్టర్ ఊడదీసి కొలిచిన 12 వోల్టులకు విలువ లేదు. మోటారు తగిలించి ఉండగా, మీట నొక్కి పట్టుకుని, అద్దం కదులుతున్నప్పుడో కదలలేక మూలుగుతున్నప్పుడో కొలవాలి.

కొలిచే ముందు చేతి పనిముట్లు అక్కరలేని ఒక పరీక్ష చేయండి. రాత్రిపూట కారు లోపలి దీపం వేసి మీట నొక్కండి. అద్దం కదలకపోయినా దీపం కొంచెం మసకబారితే కరెంటు మోటారు దాకా వెళ్తోందని, మోటారు గానీ అద్దం గానీ బిగుసుకుపోయిందని అర్థం. దీపంలో ఏ మార్పూ లేకపోతే దారిలో ఎక్కడో కరెంటు తెగిపోతోంది. రెండు అద్దాలూ ఒకేసారి ఆగిపోయి ఉంటే ఫ్యూజునో, రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌నో చూడమనేవాణ్ణి. మీ విషయంలో ఆ అవసరం లేదు.

ఇక అసలు కొలత. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొనను స్విచ్‌కు కరెంటు తెచ్చే వైరు దగ్గర, రెండో కొనను మోటారుకు వెళ్లే వైరు దగ్గర కనెక్టర్ వెనుక నుంచి తగిలించి మీట పైకి నొక్కండి. కాంటాక్టు శుభ్రంగా ఉంటే 0.2 వోల్టుల లోపే చూపించాలి. ఒక వోల్టు, అంతకు మించి చూపిస్తే దోషం దొరికినట్టే. తరువాత తిరుగుదారి కూడా కొలవండి: మోటారు నుంచి వెనక్కి వచ్చే వైరుకూ స్విచ్ ఎర్త్ వైరుకూ మధ్య, ఆపైన ఎర్త్ వైరుకూ కారు బాడీ లోహానికీ మధ్య. ఈ తిరుగుదారిని ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, పైకి నొక్కినప్పుడు కరెంటు వెనక్కి వచ్చేది కిందికి నొక్కే వైపు కాంటాక్టు విశ్రాంతి స్థానం గుండానే. ఆ విశ్రాంతి కాంటాక్టుకు మసి పట్టినా పైకి ఎక్కడమే ఆగిపోతుంది. స్విచ్ విప్పి, ‘పైకి’ వైపు మాత్రమే తుడిచి, ఫలితం లేదని బాధపడేవారు మరచిపోయే విషయం ఇదే.

స్విచ్‌లో నష్టం కనిపించకపోతే తలుపు ప్యానెల్ తీసి, మోటారు కనెక్టర్ దగ్గర అదే పద్ధతిలో కొలవండి. స్విచ్ దాటాక వోల్టేజీ బాగుండి మోటారు దగ్గర పడిపోతుంటే, తలుపు కీలు పక్కన రబ్బరు గొట్టంలో నుంచి వెళ్లే వైర్లను అనుమానించాలి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతాయి కాబట్టి, పైన తొడుగు బాగానే కనిపిస్తున్నా లోపలి రాగి పోగులు తెగి ఉండవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా మోటారుకు 12 వోల్టులకు పైగా అందుతున్నా అద్దం కదలకపోతే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజమని ఒప్పుకోవచ్చు.

స్విచ్ తీసే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఈ కారులో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, వెనుక డిక్కీలో కుడివైపు ఉంటుంది. అమెరికాలో అమ్మిన 1994 మోడల్‌కు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కాబట్టి తీగ విప్పాక కాసేపు ఆగి పని మొదలుపెట్టడం మంచిది. గేర్ నాబ్‌ను తిప్పి తీసేసి, ఆష్‌ట్రే కింద, వెనుక పెట్టె లోపల, పక్కల ఉన్న స్క్రూలు విప్పితే కన్సోల్ పైకి లేస్తుంది. ఒక్కసారిగా లాగకండి, కింద స్విచ్ వైర్లు తగిలి ఉంటాయి. ముందు కనెక్టర్ నాలుకను నొక్కి ఊడదీసి, ఆ తరువాత కన్సోల్ బయటికి తీయండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే పగులుతుంది.

కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి విప్పి శుభ్రం చేయమని నా సలహా. స్విచ్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి పెట్టి, పక్క కొక్కేలను సన్నని పనిముట్టుతో తప్పించి తెరవండి. లోపలి చిన్న స్ప్రింగులు ఎగిరిపడినా సంచిలోనే ఉంటాయి. ఏ ముక్క ఎటు ఉందో ముందే ఫొటో తీసుకోండి. మీట కింద త్రాసులా అటూ ఇటూ ఊగే రాగి పలకలు, వాటి కొనల మీద నల్లబడిన చుక్కలు కనిపిస్తాయి. అవే కాంటాక్టులు. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ కాంటాక్ట్ క్లీనర్‌తో గానీ తుడవండి. మసి వదలకపోతే చాలా సన్నని గరుకు కాగితంతో రెండు మూడు సార్లు తేలికగా రుద్దండి. ఆకురాయి వాడితే పైనున్న పలుచని పూత లేచిపోయి కాంటాక్టు ఇంకా త్వరగా కాలిపోతుంది. చుక్కల్లో గుంటలు పడి ఉన్నా, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉన్నా శుభ్రం చేసి ప్రయోజనం లేదు, మార్చేయాల్సిందే. చాలామంది మీట సందులోంచి మామూలు డబ్ల్యూడీ-40 కొట్టి సరిపెట్టుకుంటారు. దానివల్ల నాలుగు రోజులు పనిచేస్తుంది, తరువాత ఆ నూనెకు దుమ్ము పట్టి పరిస్థితి మరింత చెడుతుంది.

మార్చాల్సివస్తే మీ కారు సంవత్సరానికి సరిపోయే పార్ట్ నంబరుతో పాటు కనెక్టర్ ఆకారం, పిన్నుల సంఖ్య పాతదానితో పోల్చి చూసుకోండి. జంక్ యార్డులో దొరికిన స్విచ్‌కు పరాయిదన్న దోషమేమీ లేదు, కాకపోతే దాని వయసూ మీ స్విచ్ వయసే కాబట్టి దాన్ని కూడా విప్పి తుడిచాకే బిగించండి.

ఇప్పుడు అసలు కారణానికి వద్దాం. మీ కారులాంటి మొదటి తరం మియాటాలో అద్దాన్ని కేబుల్ రెగ్యులేటర్, అంటే మోటారు తిప్పే తీగతో అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగం, లాగుతుంది. పట్టాల మీద కర్మాగారంలో పూసిన గ్రీజు ఇన్నేళ్లలో మైనంలా గట్టిపడుతుంది, జారడానికి సాయపడే ప్లాస్టిక్ బుష్‌లు అరిగి పొడిపొడిగా రాలిపోతాయి. అద్దం బిగుసుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కరెంటు పెరిగితే స్విచ్ ఇంకా వేడెక్కుతుంది. అందుకే తలుపు ప్యానెల్ తీసినప్పుడే పాత గ్రీజును పూర్తిగా తుడిచి, పట్టాలకు తెల్లని లిథియం గ్రీజు, అద్దం జారే రబ్బరు గాడికి సిలికాన్ స్ప్రే వాడండి. రబ్బరుకు పెట్రోలియం నూనెలు తగలనివ్వకండి, ఉబ్బిపోతుంది. బుష్‌లు రాలిపోయి ఉంటే అవి విడిగా దొరుకుతాయి. కేబుల్ పోగులు విడిపోతున్నట్టు కనిపిస్తే రెగ్యులేటర్ కూడా మార్చాలి. ఈ పని రెండు తలుపులకూ చేయండి.

స్విచ్ మీద భారం శాశ్వతంగా తగ్గాలంటే రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే విద్యుత్ స్విచ్‌లు, పెట్టుకోవచ్చు. ఒక్కో అద్దానికి ఐదు పిన్నుల రిలేలు రెండు కావాలి. 87వ పిన్నుకు ఫ్యూజు గుండా బ్యాటరీ పాజిటివ్, 87ఎ పిన్నుకు ఎర్త్, 30వ పిన్నుకు మోటారు వైరు కలిపితే, స్విచ్ రిలే కాయిల్‌కు అవసరమైన అతి తక్కువ కరెంటును మాత్రమే మోస్తుంది. కారును యథాతథంగా ఉంచుకోవాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. పట్టాలు శుభ్రంగా ఉంచుకుంటే రిలేలు లేకపోయినా ఫరవాలేదని నా అభిప్రాయం. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఈ కారు అద్దానికి చెయ్యి అడ్డుపడితే దానంతటది ఆగే ఏర్పాటు లేదు. మరమ్మతు తరువాత అద్దం ముందుకంటే బలంగా, వేగంగా ఎక్కుతుంది కాబట్టి పిల్లలు కూర్చున్నప్పుడు జాగ్రత్తగా ఉండండి.

ప్రశ్న: దుబాయ్‌లో మా అన్నయ్య దగ్గర పాత పోర్షే బాక్‌స్టర్, 986 మోడల్ ఉంది. తలుపు తీసినప్పుడు అద్దం కాస్త కిందికి దిగి, వేశాక పైకి వెళ్లాలి కదా, ఇప్పుడు దిగడం లేదు. మీటతో మాత్రం బాగానే పనిచేస్తోంది. స్విచ్ మార్చాలా అండీ?

జవాబు: అక్కరలేదు. మీటతో బాగా పనిచేస్తున్నప్పుడు ఆ స్విచ్, మోటారు రెండూ బాగున్నట్టే. హ్యాండిల్ లాగిన సంగతిని కారుకు తెలియజేసేది తలుపు తాళం యంత్రాంగంలో ఉన్న మైక్రోస్విచ్. ఈ తరం పోర్షేల్లో అది పాడవడం తరచూ వినే సమస్యే. అయితే ఈ మధ్య బ్యాటరీ తీసి పెట్టారేమో అన్నయ్యగారిని ముందు అడగండి. బ్యాటరీ తీస్తే అద్దం చివరి స్థానాన్ని కారు మరచిపోతుంది. అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించి, ఒకసారి మీట వదిలి, మళ్లీ పైకి నొక్కి కొన్ని సెకన్లు పట్టుకుంటే ఆ స్థానాన్ని తిరిగి నమోదు చేసుకుంటుంది. అలా చేశాక కూడా దిగకపోతే తాళం యంత్రాంగాన్ని చూపించాలి. అప్పటిదాకా తలుపు తీసే ముందూ, వేసే ముందూ మీటతో అద్దాన్ని కొద్దిగా దించమనండి. లేకపోతే అద్దం అంచు టాప్ రబ్బరును ఒరుసుకుని దాన్ని చింపేస్తుంది.