మిగిలిన మాత్రలు గెడ్డలో పారేయకు

ఒరే అల్లుడూ,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తూ చదివాను. ఒళ్లు ఎలాగో ఓర్చుకుంటున్నాను మావయ్యా, మనసే చచ్చిపోయినట్టుంది, మిగిలిన ట్రమడాల్ నొప్పి మాత్రలు కూడా ఒకేసారి పారేసి పీడ వదిలించుకుంటాను అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

నా నడుం ఆపరేషన్ తర్వాత నెల రోజులకని రాసిన ట్రమడాల్ రెండేళ్లు మింగాను. చీటీ పాతదైపోయినా మందుల షాపువాడు మొహం చూసి ఇచ్చేసేవాడు. 50 మిల్లీగ్రాములవి, రోజుకు రెండుతో మొదలై ఆరుకు చేరాను. ఒకరోజు మీ అత్త ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి ఏడిస్తే పౌరుషం వచ్చి, ఉన్నవన్నీ పట్టుకెళ్లి ఇంటి వెనక గెడ్డలో విసిరేశాను. (అందులో చేపలేమయ్యాయో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి.) మర్నాటికి ఆపకుండా ఆవలింతలు, ముక్కు కారడం. మూడోరోజుకి విరేచనాలు, చెమటలు, మంచం మీద కాళ్లు ఒకచోట నిలవవు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం. నాలుగోరోజు సాయంత్రం లుంగీ మీదే ఆటో ఎక్కి అదే షాపుకి వెళ్లాను. నా పౌరుషం అంతవరకే.

తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. ట్రమడాల్ నల్లమందు జాతిదే, కానీ దానికి తోడు మెదడులోని రసాయనాలైన సెరటోనిన్‌ని, నారడ్రినలిన్‌ని కూడా పెంచుతుంది, అంటే డిప్రెషన్‌కిచ్చే మందులు చేసే పనిలో కొంత ఇదీ చేస్తుందన్నమాట. ఒక్కసారి ఆపితే రెండు రకాల మందులు ఒకేరోజు ఆపినట్టు. పైగా ఇన్నాళ్లూ బయటినుంచి వచ్చిపడుతోంది కాబట్టి ఒంట్లో సహజంగా ఊరే హాయికి మెదడు పలకడం మానేసి ఉంటుంది, మళ్లీ అలవాటు పడడానికి టైమ్ కావాలి. నీకిప్పుడు ఏదీ రుచించకపోవడంలో చాలావరకు ఆ లెక్కే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీదికి వచ్చినప్పుడు నువ్వు చిన్నవాడివి. గాలి ఆ ఒక్కరోజే. కరెంటుకీ నీళ్లకీ మాత్రం రోజుల తరబడి అల్లాడాం, కైలాసగిరి మళ్లీ పచ్చబడడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇదీ అంతే. ఒంటి బాధ వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, మనసూ నిద్రా దారికి రావడానికి వారాలు, కొందరికి నెలలు. జనం మళ్లీ మాత్ర పట్టుకునేది ఆ రెండో దశలోనే, ఒళ్లు బాగయింది కదా, ఇక నా బతుకే ఇంతేమో అనుకుని.

ఏళ్ల తరబడి వాడినవాళ్లకి నెలకు పదో వంతు చొప్పున తగ్గించడం మేలంటారు. నాకు ఆరు ఐదు కావడానికే నెలన్నర పట్టింది, మధ్యలో ఒకచోట ఇక నావల్ల కాదు కొన్నాళ్లు ఆపుదాం అంటే డాక్టరు సరే అన్నాడు. నువ్వూ అడుగు. నీది ఎస్ఆర్ మాత్రయితే, అంటే మందుని మెల్లగా వదిలే రకమైతే, విరవకు, నమలకు, మందంతా ఒక్కసారే దిగిపోతుంది. తగ్గించిన ప్రతిసారీ పాత నొప్పి కొన్నాళ్లు పైకి లేస్తుంది, ఆపరేషన్‌లో వేసిన రాడ్ కదిలిపోయిందేమో అని టెన్షన్ పడకు. అలాగని వాపో జ్వరమో ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకి చూపించు.

ఆ నెలల్లో మీ అత్త ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం తెప్పించి పులుసు పెడితే గడ్డి తిన్నట్టుండేది. మనవరాలు బడిలో వచ్చిన ప్రైజ్ చూపిస్తే, నవ్వాలి కదా అని గుర్తు తెచ్చుకుని నవ్వాను. మనసు బాగుంటే నడుద్దాం అనుకుంటే ఎప్పటికీ లేవలేవు. నేను పెట్టుకున్న రూలు ఒక్కటే, పొద్దున్న ఆరింటికి చెప్పులేసుకుని గుమ్మం దాటాలి. చాలా రోజులు సందు చివర టీ బడ్డీ దాకానే. క్యాలెండర్ మీద రోజుకో మార్కు వేసుకునేవాణ్ణి, మనసు ఎలా ఉందో పదికి ఎంత అని. రెండు, రెండు, ఒకటి, మూడు. ఓ రోజు ఐదు పడింది, ఎందుకో తెలీదు, ఉల్లి దోసె వల్ల కావచ్చు.

నిద్ర పట్టట్లేదని దాని మీద క్వార్టరు వెయ్యకు, ఇంట్లోవాళ్ల నిద్రమాత్ర మింగకు, ఊపిరి ఆగిపోతుంది. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత లెక్కన వేసుకున్నా అంతే, ఒళ్లు ఆ డోసుకి అలవాటు తప్పి ఉంటుంది. డిప్రెషన్ మందు కావాలంటే డాక్టరే రాయాలి, ట్రమడాల్‌తో కొన్ని పడక ఫిట్స్ వస్తాయి.

ఇంకోటి సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలనిపిస్తోందా? నాకు ఒక రాత్రి అనిపించింది. మీ అత్తని లేపి చెప్పాను. ఆవిడ తిట్టలేదు, లైటు వేసి తెల్లారేదాకా పక్కన కూర్చుంది, మర్నాటి నుంచి మాత్రలు బీరువాలో, తాళం ఆవిడ దగ్గర. ఆ వారమే చినవాల్తేరు మానసిక వైద్యశాలకి వెళ్లాను. ఆ పేరు చెప్పి జీవితమంతా జోకులేసినవాణ్ణి, అక్కడ ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడితే నా ముందు ఇద్దరు మాకు తెలిసినవాళ్లే. నీ జవాబు అవునంటే ఇప్పుడే నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైను అది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు.

కాదంటే ఆదివారం వస్తాను. మిగిలిన స్ట్రిప్పులూ డాక్టరు చీటీ బల్ల మీద పెట్టి ఉంచు, లెక్క చూద్దాం. మీ అమ్మకి ఇంకా చెప్పలేదని నాకు తెలుసు. నువ్వే చెబుదువుగాని, నేను పక్కన కూర్చుంటాను.

నీ మావయ్య