అమ్మ చదివే ఓటీపీ

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఎంఎస్ చదవడానికి డాలస్ వచ్చి మూడు వారాలైంది అన్నా. పాత సిమ్ ఇంట్లో అమ్మ ఫోనులో ఉంది. నా మెయిల్ తెరవాలన్నా ఓటీపీ అమ్మకే వెళ్తోంది. పాస్‌వర్డ్ తరువాత కోడ్ కూడా అడిగే ఈ రెండంచెల భద్రత తీసేయవచ్చా?

జవాబు: తీసేయవద్దు తమ్ముడూ. ఓటీపీ అమ్మ ఫోనుకు వెళ్ళకుండా చూసుకో, చాలు.

నేనూ భవానీ నగర్ వాణ్ణే. వచ్చిన కొత్తలో సరిగ్గా నీ పనే చేశాను. ఇక్కడ మధ్యాహ్నం రెండైతే అక్కడ రాత్రి పన్నెండున్నర. అమ్మను నిద్రలేపి, కళ్ళజోడు వెతికించి, ఆరంకెలు చదివించేవాణ్ణి. "నాలుగు, తొమ్మిది... ఇది ఒకటా, ఏడా నాయనా?" అనేలోగా గడువు దాటిపోయేది. మళ్ళీ పంపించుకోవడం, మళ్ళీ చదివించుకోవడం. ఇలా ఏడాది గడిచాక ఒక రోజు ఎవడో బ్యాంకు నుంచి అంటూ అమ్మకు ఫోన్ చేసి అంకెలు అడిగాడు. ఆవిడ చక్కగా చదివి వినిపించింది. పద్దెనిమిది వేలు పోయాయి. "నువ్వు అడిగితే చెప్పడం లేదా, అలాగే చెప్పాను" అంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఊరంతా మొత్తుకుంటుంటే, ఫోనులో అడగగానే చదివి వినిపించే అలవాటు ఆవిడకు చేసింది నేనే.

రెండో అంచె ఎందుకో తిరుపతివాడివి, నీకు వేరే చెప్పాలా? మూడు వందల రూపాయల దర్శనం టికెట్ చేతిలో ఉన్నా, గుర్తింపు కార్డు చూపందే లోపలికి పంపరు. పాస్‌వర్డ్ ఆ టికెట్ లాంటిది, ఎవడైనా కాజేయగలడు. నీ దగ్గర మాత్రమే ఉండే వస్తువు ఇంకొకటి చూపించమంటారు, అంతే. ఆ వస్తువు అమ్మ దగ్గర ఉండటమే ఇక్కడ చిక్కు. పైగా ఎస్సెమ్మెస్ అంచె అన్నింటిలోకీ బలహీనమైనది. నీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి ఓటీపీలన్నీ వాడి ఫోనుకే వెళ్తాయి.

కాబట్టి కోడ్‌లను నీ ఫోనులోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కు మారు. గూగుల్‌ది, మైక్రోసాఫ్ట్‌ది, ఏదైనా సరే. గూగుల్ ఖాతాలో భద్రత విభాగానికి వెళ్ళి రెండు దశల ధ్రువీకరణ కింద ఆథెంటికేటర్‌ను ఎంచుకుంటే తెరపై క్యూఆర్ కోడ్ వస్తుంది. యాప్‌తో దాన్ని స్కాన్ చేయాలి. ఆ గళ్ళలో ఒక రహస్య సంఖ్య దాగి ఉంటుంది. దానినీ, అప్పటి సమయాన్నీ కలిపి నీ ఫోనూ అవతలి సర్వరూ ఎవరికి వారే ఒకే లెక్క వేసుకుంటాయి. ముప్ఫై సెకన్లకోసారి ఆరంకెలు మారుతుంటాయి. సిగ్నల్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, అమ్మ నిద్ర పాడుచేయనక్కర్లేదు.

లెక్కలో సమయం ఉంది కనుక ఫోను గడియారం సరిగ్గా ఉండాలి. మా గదిలో దిగిన కుప్పం కుర్రవాడు విమానం దిగగానే టైమ్ జోన్ మార్చకుండా ముల్లు తిప్పినట్టు గంటలు మాత్రం వెనక్కి జరిపాడు. ఒక్క కోడూ పనిచేయలేదు, ఖాతా హ్యాకైందని రాత్రంతా కంగారుపడ్డాడు. సమయాన్ని ఆటోమేటిక్‌గా ఉంచితే ఆ బాధ ఉండదు.

ఇక అందరూ వదిలేసే పని, బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఒకసారికి పది ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒకసారి వాడితే అది చెల్లదు. ఫోను పోయిన రోజు నిన్ను లోపలికి పంపేవి ఇవే. వాటిని ఫోటో తీసి అదే ఫోనులో దాచుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. కాగితం మీద రాయి. మెయిల్ చిరునామా మాత్రం దాని మీద రాయకు. ఒక కాగితం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకో, రెండోది ఇంట్లో బీరువాలో, స్థలం పత్రాలున్న సంచిలో పెట్టించు. పాత ఫోను ఉంటే క్యూఆర్ కోడ్‌ను దానితో కూడా అప్పుడే స్కాన్ చేసి పక్కన పెట్టు.

వరుస తప్పకు. ముందు యాప్ జతచేయి, కోడ్‌లు రాసుకో, వేరే కంప్యూటర్‌లో ఒకసారి లాగిన్ అయి చూడు, ఆ తరువాతే అమ్మ దగ్గరున్న నంబరును రెండో అంచె నుంచి తొలగించు. తొందరపడి ముందే తీసేసి, బయట చిక్కుకుపోయినవాళ్ళు ఉన్నారు.

ఒకటే అడ్డంకి. మన బ్యాంకుల్లో, ఆధార్‌లో చాలావరకు ఓటీపీ నమోదైన మొబైల్ నంబరుకే వస్తుంది. వాటి కోసం ఆ సిమ్‌ను బతికించుకోవాలి. తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ కనెక్షన్ రద్దయ్యే వీలుంది, ఆ నంబరు తరువాత ఇంకొకరికి వెళ్ళిపోవచ్చు. రీచార్జి తేదీ నీ ఫోనులో గుర్తుపెట్టుకో. రెండు సిమ్‌లు పట్టే ఫోనుంటే, ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు ఆ సిమ్ తెప్పించుకుని రోమింగ్‌లో పెట్టుకో. ఏ ప్లాన్‌లో ఎస్సెమ్మెస్‌లు వస్తాయో ముందే కంపెనీని అడుగు. ఎన్నారై ఖాతాకు మారినప్పుడు విదేశీ నంబరు నమోదు చేసుకుంటారేమో బ్యాంకును కూడా కనుక్కో. కొన్ని చేసుకుంటాయి.

ఈ ఆదివారం ఇదంతా అయ్యాక అమ్మకు ఫోన్ చేయి, అక్కడ పగలు ఉన్నప్పుడు. ఇకమీదట నేను అడిగినా ఓటీపీ చెప్పవద్దమ్మా అని చెప్పు. మా అమ్మ అయితే మరునాడే నన్ను పరీక్షించింది. "ఏదో అంకె వచ్చింది, చెప్పమంటావా?" అని ఫోన్ చేసి, నేను వద్దు అనేదాకా పెట్టలేదు.