నల్లటి ఒంటికి బొల్లి లైట్ ట్రీట్‌మెంట్ పనిచేస్తుందా?

నల్లగా ఉండేవాళ్ళకు ఈ లైట్ పనిచేయదని ఒకరు, చుట్టూ ఉన్న చర్మం ఇంకా నల్లబడుతుందని ఇంకొకరు అన్నారని మీరు రాశారు. నాదీ మీ రంగే. బొల్లికి ఈ లైట్, అంటే నారో బ్యాండ్ యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం), చాలాకాలం తీసుకున్నాను. మొదటి మాట అబద్ధం. రెండోది కొంత నిజమే కానీ, దానికోసం ట్రీట్‌మెంట్ మానుకోనక్కర్లేదు.

యూవీని (అతినీలలోహిత కిరణాల్ని) అడ్డుకునేది చర్మానికి రంగునిచ్చే మెలనిన్. బొల్లి మచ్చలో అదే ఉండదు కాబట్టి మనిషి ఎంత నలుపైనా మచ్చ తొందరగా కాలుతుంది. అందుకే బొల్లికి ఒంటి రంగుతో పనిలేకుండా తక్కువ డోస్‌తో, మామూలుగా చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌల్స్‌తో మొదలుపెట్టి, సిట్టింగ్‌కి 10 నుంచి 20 శాతం చొప్పున పెంచుతారు. సోరియాసిస్‌కైతే ఒంటి రంగు కూడా చూసి డోస్ వేస్తారు. మచ్చ లేత గులాబీ రంగుకు తిరిగి 24 గంటల్లోపు తగ్గిపోతే డోస్ సరిపోయినట్టు. మర్నాటికీ ఎర్రగా ఉండి మంట పెడుతుంటే, తర్వాతి సిట్టింగ్‌కి లైట్ ఛాంబర్‌లోకి వెళ్ళకముందే చెప్పండి.

ఇక నల్లబడటం గురించి. మొదటి నెలల్లో నా చేతులు బాగా నల్లబడి, మచ్చలు ముందుకన్నా కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు, నాకు బాధనిపించేది అదే. ఆ నలుపు లైట్ ఆపాక మెల్లగా తగ్గుతుంది. ఈలోగా మచ్చ మధ్యలో, వెంట్రుకల మొదళ్ళ దగ్గర, ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు తేలతాయి. రంగునిచ్చే కణాలు అక్కడ మిగిలి ఉంటాయి కాబట్టి రంగు తిరిగి రావడం అక్కడినుంచే మొదలవుతుంది. చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడి ఉంటే కష్టం. వేళ్ళ కొసలు, పాదాలు మొండివి. నాకు ముఖం, మెడ దాదాపు పూర్తిగా నిండినా వేళ్ళ కొసలు మాత్రం అలాగే ఉన్నాయి.

వారానికి మూడుసార్లు మంచిది, కనీసం రెండుసార్లు వెళ్ళాలి. ఆరు నెలలు చూడకుండా పనిచేయలేదని తేల్చేయకండి. లోపల గాగుల్స్ తీయొద్దు, మగవాళ్ళు మర్మాంగాలు కప్పుకోవాలి.

బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అందులో సొరాలెన్ ఉంటుంది. దానికి ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, అందులోనూ మన ఎండల్లో ఎంత డోస్ పడుతుందో కొలిచేవాళ్ళుండరు. లైట్ తీసుకుంటున్న రోజుల్లో అసలే వద్దు. ఇప్పటికే రాస్తుంటే మీ స్కిన్ డాక్టరుకు ముందే చెప్పండి.