టోడ్‌స్టూలా, మరొకటా?

ప్రశ్న: మా ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో మూడు నెలల క్రితం ఒక మెత్తని పగడాన్ని పెట్టాను. దుకాణంలో దానిని ‘టోడ్‌స్టూల్’ అన్నారు. అయితే కాడ చాలా పొట్టిగా ఉంది, పైభాగం గొడుగులా విచ్చుకోక వేళ్లలాంటి గట్లుగా లేచింది. ఐదు రోజులుగా అది ముడుచుకుపోయి, మైనం పూసినట్టు మెరుస్తోంది. ఇది అసలు ఏ పగడం? చనిపోతోందా? – ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: ముందుగా మీ భయం సంగతి చెబుతాను. తోలు పగడాలు, అంటే మీ దానిలా తోలులా ఉండే మెత్తని పగడాలు, తమ పైపొరను, దానిపై పేరుకున్న నాచుతో సహా, అప్పుడప్పుడూ వదిలేస్తాయి. మీరు చూస్తున్న మైనపు మెరుపు చాలావరకు అదే అయి ఉంటుంది. రుద్దకండి, నీటి ప్రవాహాన్ని కాస్త పెంచితే పొర దానంతటదే కొట్టుకుపోతుంది. కాడ మెత్తబడి, నల్లబడి, కుళ్లుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ భాగాన్ని కోసి తీసేయాలి.

ఇక పేరు. దుకాణంలో చెప్పే పేర్లు ముద్దుపేర్ల వంటివి, వాటిని పట్టుకొని జాతిని నిర్ణయించలేం. రంగునూ నమ్మవద్దు, వెలుతురు మారితే అదీ మారుతుంది. పగడం మళ్లీ విచ్చుకున్నాక పంపులు ఆపి, భూతద్దంతో ఒక్క పాలిప్‌నే, అంటే పగడంపై పువ్వులా విచ్చుకునే చిన్న జీవినే, నిదానంగా చూడండి. దానికి ఎనిమిది స్పర్శకాలు (నోటి చుట్టూ ఉండే తీగలు), ఒక్కొక్కటి ఈకలా అంచుల వెంట చీలికలతో కనిపించాలి. అవి నున్నగా, ఎనిమిదికి మించి ఉంటే అది మెత్తని పగడమే కాదు, జోయాంథిడ్ అనే వేరే రకం జీవి కావచ్చు. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, అది అంటుకున్న రాయిని ఎన్నడూ ఉడికించవద్దు.

తర్వాత పెద్ద పాలిప్‌ల మధ్యనున్న చర్మాన్ని చూడండి. అక్కడ స్పర్శకాలు లేని సన్నని చుక్కలు కనిపిస్తే, అవి పగడంలోకి నీటిని తోడే మరో రకం పాలిప్‌లు. తోలు పగడాల్లోని మూడు ప్రజాతులను పోల్చితే, సైన్యులేరియాలో ఈ చుక్కలు ఉండవు, సార్కోఫైటాన్‌లోనూ లోబోఫైటమ్‌లోనూ ఉంటాయి. వేళ్లలాంటి ఆకారాన్ని చూసి చాలామంది సైన్యులేరియా అనేస్తారు కాబట్టి ఈ ఒక్క పరిశీలన ఎంతో విలువైనది. చుక్కలు ఉంటే, పొట్టి కాడ, పైన గట్లు అన్న మీ వర్ణనను బట్టి నేను లోబోఫైటమ్ వైపే మొగ్గుతాను. నిజమైన టోడ్‌స్టూల్ అయిన సార్కోఫైటాన్‌కు స్పష్టమైన కాడ, అంచుల దగ్గర మడతలు పడే గొడుగు ఉంటాయి.

ఇంతకన్నా లోతుకు వెళ్లాలంటే దాని ఒంట్లోని స్క్లెరైట్లు, అంటే కంటికి ఆనని సున్నపు రవ్వలు, చూడాలి. కాడ అడుగు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, అక్వేరియానికి దూరంగా, బట్టలకు వాడే బ్లీచ్‌లో వేస్తే కండ కరిగి తెల్లని పొడి మిగులుతుంది. దానిని నీటితో పలుమార్లు కడిగి సూక్ష్మదర్శినిలో చూస్తే, సార్కోఫైటాన్‌లో సాధారణంగా కదురు ఆకారపు రవ్వలు, లోబోఫైటమ్‌లో చుట్టూ వరుసలుగా బొడిపెలున్న పీపాల వంటి పొట్టి రవ్వలు కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య రూపంలో ఉండే పగడాలూ ఉన్నాయని జన్యు పరిశోధనలు తేల్చాయి కాబట్టి, పొడిలో రెండు రకాలూ కలిసి కనిపించినా మీ పరిశీలన తప్పని అనుకోకండి. బ్లీచ్‌లో వెనిగర్‌నుగానీ అమోనియానుగానీ కలపవద్దు, విషవాయువులు పుడతాయి. కోసిన చోటు మానేదాకా ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచండి. తోలు పగడాలు నీటిలోకి వదిలే రసాయనాలు పక్కనున్న గట్టి పగడాలను బాధించకుండా అది ఆపుతుంది.