కాలువకు భూమి పోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాలువ కోసం మీ ఎకరం ఇరవై గుంటలు పోతున్నట్టు 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిందని అక్కయ్య ఫోన్‌లో ఏడ్చింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల జలాశయాల కింద, నార్లాపూర్ నుంచి ఉదండాపూర్ దాకా, మన పాలమూరు రైతులు ఎందరో పడిన బాధే ఇది. అయితే మన దుఃఖం తీరేదాకా గడువులు ఆగవు. విస్తీర్ణం తప్పుగా పడినా, భూమి తీసుకోవడం మీదే అభ్యంతరమున్నా, నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోపు కలెక్టరుకు రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో.

కొలతలకు వచ్చిన రోజు నువ్వు తప్పక పొలంలో ఉండాలి. నా భూమి పోయినప్పుడు, మా నాయన రాతికట్టడంతో కట్టించిన బావిని పంచనామాలో ‘పాత బావి’ అని రెండు మాటల్లో రాసి, భూమిలోని పైపులైను ఊసే ఎత్తలేదు. చదవకుండా సంతకం పెట్టిన నాకు తర్వాత అడిగే నోరు లేకపోయింది. కాబట్టి బోరు లోతు, మోటారు, పైపుల పొడవు, గట్టు మీది చింతచెట్లు, పశువుల కొట్టం అన్నీ రాశారని చదివి చూసుకున్నాకే సంతకం చెయ్యి.

ధర విషయంలో ఆ చట్టం ప్రకారం స్టాంపుల విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన ధర) ఒకటి, చుట్టుపక్కల అలాంటి భూములకు గడిచిన మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఒకటి చూసి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పల్లె భూములకు దాన్ని పట్టణం నుంచి ఉన్న దూరాన్ని బట్టి 1 నుంచి 2 రెట్ల వరకు హెచ్చించి, చెట్లు, బావుల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా, అంటే నూటికి నూరు, సొలేషియం (భూమి పోతున్నందుకు ఓదార్పుగా ఇచ్చే అదనపు సొమ్ము) ఇవ్వాలి. అందుకే ఆ దస్తావేజుల నకళ్లు ఇప్పుడే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తీయించు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పరిహారం చాలదనిపిస్తే, రసీదు మీద ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాసి మరీ సంతకం చెయ్యి. ఆ మాట లేకుండా డబ్బు తీసుకున్నవారికి 64వ సెక్షన్ కింద పెంపు అడిగే హక్కు ఉండదు. నేను పోగొట్టుకున్నది అదే. అవార్డు, అంటే కలెక్టరు పరిహారం తేల్చి ఇచ్చే ఉత్తర్వు, నీ ఎదుటే ప్రకటిస్తే, పెంపు అడిగే దరఖాస్తుకు గడువు 6 వారాలే. ఇక ఇంత ధరకు ఒప్పుకుంటున్నానని రాసే సమ్మతి ఒప్పందం కాగితం తెస్తే, ధర నచ్చితే తప్ప సంతకం పెట్టకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఆదివారం పాసుపుస్తకం, పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకళ్లు, నోటిఫికేషన్ కాగితం పట్టుకొని రా. అభ్యంతరాల దరఖాస్తు మనిద్దరం కూర్చుని రాద్దాం.

మీ మామయ్య